పళ్ల వైద్యానికి పూర్తి మత్తు: పొద్దున పట్టే పాలతోనే ప్రమాదం

సంపాదకులకు,

పుప్పిపళ్లతో రాత్రంతా ఏడ్చే మూడేళ్ల పిల్లలకు, డ్రిల్లు చప్పుడుకే వణికే పెద్దలకు పూర్తి మత్తులో (జనరల్ అనస్థీషియా, అంటే ఒళ్లు తెలియకుండా నిద్రపుచ్చి) పళ్ల వైద్యం చేయొచ్చు. థియేటరు, మత్తు డాక్టరు, ముందస్తు పరీక్షలు ఉన్నచోట భయపడాల్సిన పని లేదు. చిక్కంతా కడుపుతోనే.

ములుగు నుంచో భూపాలపల్లి నుంచో తెల్లవారుజామున వరంగల్ బస్సెక్కే తల్లి, బిడ్డ ఆకలి చూడలేక గ్లాసెడు పాలు పట్టిస్తుంది. ఆ పాలు కడుపులో విరిగి గడ్డకట్టి, అన్నంతో సమానమవుతాయి. మత్తులో దగ్గూ మింగుడూ ఉండవు. కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే మత్తుకు ముందు టిఫినుకు, పాలకు, పాల చాయ్‌కి 6 గంటలు, తల్లిపాలకు 4, మంచినీళ్లకు 2 గంటల ఎడం ఉండాలి. నూనె వంటలు, మాంసం తింటే 8. అలాగని రాత్రి నుంచి గొంతు తడపకుండా ఎండబెట్టడమూ తప్పే. పొరపాటున పాలు పట్టి ఉంటే దాచకండి, వాయిదా వేస్తారు, అంతే. సర్ది, జ్వరం తగ్గి రెండు మూడు వారాలు కాకపోయినా చెప్పండి. అలాంటప్పుడు మత్తులో గొంతు బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ.

పని నోట్లోనే కాబట్టి శ్వాస గొట్టాన్ని సాధారణంగా ముక్కులోంచి వేస్తారు. నీళ్లు, రక్తం జారకుండా గొంతులో తడి గాజుగుడ్డ పెడితే, అది తీశారని ఇద్దరు పైకి చెప్పుకొని రాసుకున్నాకే గొట్టం తీయాలి. గుడ్డ మరిస్తే ఊపిరాగిపోతుంది. ఫిల్లింగులు, క్యాపులు, పీకడాలు ఒకే మత్తులో ముగించాలి. నిలుస్తుందో లేదోనన్న పాలపన్నును తీసేయడమే మేలు, దానికోసం మళ్లీ మత్తు ఇవ్వకూడదు.

ఒక్క పన్నుకు, కొద్దిపాటి భయానికి ఇదంతా అక్కర్లేదు. ముక్కుకు మాస్కు పెట్టి ఇచ్చే, మెలకువ పోకుండానే భయం తగ్గించే నైట్రస్ ఆక్సైడ్ వాయువు చాలు. మత్తు డాక్టరు లేకుండా క్లినిక్ కుర్చీలోనే నిద్ర ఇంజెక్షన్ ఇస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. నాలుక వెనక్కి పడి శ్వాస ఆగినా, పనిలో ఉన్న దంత వైద్యుడికి వెంటనే తెలియదు.

ఆసుపత్రులకు మా విన్నపం: పిల్లల కేసును పొద్దున మొదట తీసుకోండి. దూరం వాళ్లకు ముందురోజే పడక ఇవ్వండి. చీటీ మీద "6 గంటల ముందు" అని కాకుండా గడియారం టైము తెలుగులో రాయండి. ఉదయం 8 గంటల కేసయితే, "రాత్రి 2 తర్వాత పాలు వద్దు, పొద్దున 6 దాకా నీళ్లు తాగించండి" అని.

— దంత, మత్తు వైద్యులు, హనుమకొండ