పాప వెన్నుపాము ఆపరేషన్‌కు అనుమతి నిరాకరణపై ఫిర్యాదు

క్లెయిమ్స్ మేనేజర్ గారికి,

నమస్కారం. మా పాపకు నాలుగేళ్లు. వెన్నుపాము ఆపరేషన్ కోసం ఆసుపత్రి వాళ్లు అడిగిన ముందస్తు అనుమతిని మీరు రెండుసార్లు తిరస్కరించారు. మొదటిసారి, నడుం మీది వెంట్రుకలు తీయించడం అందం కోసం చేసే చికిత్స అని రాశారు. రెండోసారి, పాప నడుస్తోంది కాబట్టి తొందరేమీ లేదన్నారు. పంపిన రిపోర్టులు మీ దగ్గర ఎవరైనా చివరిదాకా చదివారా?

వెంట్రుకలు తీయమని మేం అడగనే లేదు. ఆ కుచ్చు పుట్టినప్పటి నుంచీ ఉంది, లోపలి లోపానికి అది పైకి కనిపించే గుర్తు. ఎమ్మారైలో చూస్తే వెన్నుపాము రెండు పాయలుగా చీలి ఉంది, వాటి మధ్య ముల్లులా ఒక ఎముక ఉంది. స్ప్లిట్ కార్డ్ మాల్ఫార్మేషన్‌లో ఇది మొదటి రకం, అంటే ఒక్కో పాయకూ వేరే పొర, మధ్యలో ఎముక. రెండో రకంలో రెండు పాయలూ ఒకే పొరలో ఉంటాయి. చాలా అరుదైన జబ్బే, మీ వాళ్లకు కొత్త కావచ్చు. అలాంటప్పుడు తెలిసినవాళ్లను అడగాలి కదా.

పిల్లలు పెరిగేటప్పుడు వెన్నెముక వెన్నుపాము కంటే ఎక్కువ సాగుతుంది. మామూలుగా అయితే వెన్నుపాము లోపల కదలడానికి వీలుంటుంది. మా పాపకు ఆ ఎముక దాన్ని పట్టి ఉంచుతోంది. పాప ఎదిగేకొద్దీ నరాల మీద లాగుడు పెరుగుతుంది. ఎడమ పాదం ఇప్పటికే కుడిదాని కంటే చిన్నదైపోయింది. ఏడాదిగా బట్టలు తడపని పిల్ల రెండు నెలలుగా మళ్లీ తడుపుకుంటోంది. "నాకు తెలీలేదమ్మా" అంటుంది. ఆ మాట విన్న రోజు నుంచీ నాకు నిద్ర లేదు.

ఆపరేషన్‌తో అన్నీ సర్దుకుంటాయని డాక్టర్ గారు చెప్పలేదు. కాలి బలం, మూత్రం మీద అదుపు ఒకసారి పోతే చాలామందికి పూర్తిగా తిరిగి రావని, ఉన్నది నిలబెట్టడానికే ఇప్పుడు చేయాలని చెప్పారు. మీరేమో నడక తప్పేదాకా ఆగమంటున్నారు.

పిల్లల న్యూరోసర్జన్ ఒకరితో మా ఫైలు మళ్లీ చూపించండి. మళ్లీ కాదనాలనుకుంటే పాలసీలోని ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా తెలపండి. ఎమ్మారై, సీటీ, మూత్రాశయ పరీక్ష రిపోర్టులు, సర్జన్ గారి లేఖ మరోసారి జత చేశాను. ఏడు రోజుల్లో జవాబు ఇవ్వగలరు. ఆపరేషన్ తేదీ ఇప్పటికే ఒకసారి వాయిదా పడింది.

ఇట్లు,
పాప తల్లి, మీ పాలసీదారు