ఆరో పేజీలో వ్యాయామం, రెండో పేజీలో తాళం

సంపాదకుల వారికి,

పది రోజుల కిందటి ఆదివారం మీ పత్రిక ఆరో పేజీలో, వ్యాయామం వల్ల మెదడు చురుకుగా ఉంటుందని, దిగులు తగ్గుతుందని, నిద్ర బాగా పడుతుందని ముప్పావు పేజీ వ్యాసం వేశారు. అదే రోజు జిల్లా అనుబంధం రెండో పేజీలో, ఒక మూల, మా కాలనీ మైదానాన్ని నలభై అయిదు రోజుల పాటు ఎగ్జిబిషనుకు అద్దెకు ఇచ్చారన్న సంగతి నాలుగు వాక్యాల్లో ముగించారు. ఈ రెండు పేజీలనూ కలిపి చదివినవారు మీ కార్యాలయంలో ఒక్కరైనా ఉన్నారా అని ఆ రోజే అడగాలనుకున్నాను. నాకంటే చదువుకున్నవారు ఎవరైనా రాస్తారులే అని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు.

వ్యాసంలో తప్పులున్నాయని నేను అనడం లేదు. నిజానికి తక్కువే చెప్పారు. నేను ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ని. మా వృత్తి మీద వైద్యశాస్త్రంలో పేరుపడ్డ పరిశోధన ఒకటుంది. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సుల సిబ్బందిని పరిశీలించి, రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకన్నా, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగుతూ టిక్కెట్లు ఇచ్చే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో ప్రకటించారు. మా కర్నూలు బస్సుకు పై అంతస్తు లేదు గానీ, పండగ ముందు రోజు జనాన్ని తోసుకుంటూ ముందు డోరు నుంచి వెనక డోరు దాకా నాలుగుసార్లు తిరిగితే లెక్క దానికి ఏమీ తీసిపోదు. గుండె సంగతి మెదడుకెందుకని అడిగేవారు ఉంటారు. శరీరం బరువులో రెండు శాతమే ఉండే మెదడు, శరీరం వాడే ప్రాణవాయువులో అయిదో వంతు తానే తీసుకుంటుంది. దాన్ని మోసుకెళ్లేది గుండె తోడే రక్తమే కదా.

రిటైరైన ఏడాదికే నా లెక్క తిరగబడింది. పగలంతా టీవీ ముందు కుర్చీ, రాత్రి రెండింటికి మెలకువ, తెల్లవారితే లేవబుద్ధి కాకపోవడం, పలకరించినవారి మీద విసుగు. ఒకరోజు మనవడు సరదాగా కర్నూలు బస్సు ఎక్కడెక్కడ ఆగుతుంది తాతా అని అడిగితే, ముప్పై ఏళ్లు గొంతు చించుకుని అరిచిన గార్లదిన్నె, పామిడి, గుత్తి, డోన్, వెల్దుర్తి వరుస నా నోటికి రాలేదు. పామిడి దగ్గర ఆగిపోయాను. వాడు నవ్వాడు, నాకు మాత్రం ఒళ్లంతా చెమట పట్టింది. మానసిక వైద్యుని దగ్గరికి వెళితే ఆయన మాత్రలు రాసి, చీటీ అడుగున ‘రోజూ 40 నిమిషాలు నడక’ అని రాసి, దాని కింద రెండుసార్లు గీత గీశారు. పిచ్చాసుపత్రికి వెళ్లాడట అని వీధిలో అనుకున్నవారు అనుకున్నారు.

ఆ నలభై నిమిషాల లెక్క ఎక్కడిదో తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికాలో 55 నుంచి 80 ఏళ్ల వయసున్న 120 మందిని తీసుకుని, సగం మందిని వారానికి మూడు రోజులు నలభై నిమిషాల చొప్పున నడిపించారు, మిగిలినవారితో ఒళ్లు సాగదీసే తేలికపాటి కసరత్తులు చేయించారు. ఏడాది తర్వాత స్కానింగ్ తీస్తే, జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోకాంపస్ అనే భాగం నడిచినవారిలో 2 శాతం పెరిగింది, మిగిలినవారిలో 1.4 శాతం తరిగింది. 2011లో వెలువడిన ఈ ఫలితాన్ని బట్టి చూస్తే, ఒకటి రెండేళ్ల తరుగును వాళ్లు వెనక్కి తెచ్చుకున్నట్టే. నడిచినప్పుడు బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ పెరుగుతుందని, నాడీకణాలు నిలదొక్కుకోవడానికి, వాటి మధ్య లంకెలు గట్టిపడడానికి అది తోడ్పడుతుందని అంటారు. మా జిల్లా రైతుకు చెప్పాలంటే, వేరుశనగ ఊడలు దిగే అదనుకు జిప్సం అందినట్టు. ఇక దిగులు వ్యాధి మాటకొస్తే, డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 156 మంది మీద చేసి 1999లో ప్రకటించిన పరిశోధనలో, పదహారు వారాలు గడిచాక వ్యాయామం చేసినవారూ, మాత్రలు వాడినవారూ, రెండూ చేసినవారూ ఇంచుమించు ఒకే తీరుగా కోలుకున్నారు. మొదట్లో త్వరగా గుణం చూపినవి మాత్రలే. కనుక ఇది చదివి ఎవరూ మాత్రలు మానేయకూడదు. నేనూ మానలేదు, వైద్యుడు తగ్గించమన్నప్పుడే తగ్గించాను.

ఇంతటి మందు దొరికే చోటు మా కాలనీ మైదానం. అది గొప్పదేమీ కాదు. చుట్టూ మట్టి దారి, తూర్పున రెండు వేపచెట్లు, ఒక బోరు, అంతే. ఎనిమిది చుట్లు తిరిగితే నలభై నిమిషాలు. మొదట్లో చుట్ల లెక్క తప్పుతుంటే, ఎనిమిది గులకరాళ్లు ఎడమ జేబులో వేసుకుని చుట్టుకొకటి కుడి జేబులోకి మార్చేవాణ్ని. మూడు నెలలకు రాళ్లు అక్కరలేకపోయాయి. వెల్దుర్తి దాకా బస్సు వెళ్లింది.

నిరుడు కూడా ఇదే మైదానాన్ని ఎగ్జిబిషనుకు ఇచ్చారు. అది ఎత్తేశాక మాకు మిగిలినవి డేరా గుంజలు పీకిన గుంతలు, పీకకుండా వదిలేసిన ఇనుప మేకులు, జెయింట్ వీల్ కింద పోసిన సిమెంటు దిమ్మెలు, బజ్జీలు వేసిన నూనె పారబోయగా వేప మొదట్లో పడిన నల్లటి మరక. నాతో నడిచే రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ ఒకాయన తెల్లవారుజాము చీకట్లో మేకు తగిలి బోర్లా పడ్డాడు. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టుతో ఉన్నాడు. కట్టు విప్పినా ఆయన మళ్లీ నడకకు రాలేదు. ఊరంతటి క్షేమసమాచారాలు మోసిన మనిషి ఇప్పుడు పలకరిస్తే ముక్తసరిగా జవాబు చెప్పి లోపలికి వెళ్లిపోతున్నాడు. ఎగ్జిబిషను అద్దె ఎంత వచ్చిందో లెక్క చెప్పేవారు ఉన్నారు, ఇది ఏ పద్దు కింద రాస్తారు?

అధికారులకు వ్యాయామం మీద శ్రద్ధ లేదంటే అన్యాయం చేసినట్టవుతుంది. గేటు పక్కన రెండు శిలాఫలకాలు ఉన్నాయి, ఒకటి నడక దారికి, ఒకటి ఆరుబయట వ్యాయామ పరికరాలకు. నడక దారి ఫలకం దగ్గరే ఆగిపోయింది. పరికరాల్లో సైకిలుకు పెడలు లేదు, మిగిలినవాటి మీద వాచ్‌మన్ ఇంటివారు బట్టలు ఆరేస్తారు, వారిని తప్పు పట్టను. జూన్ 21న యోగా దినోత్సవానికి ఇక్కడే పచ్చ తివాచీలు పరిచి ఫొటోలు దిగారు. 22న తివాచీలతో పాటు చీపురు పట్టిన మనిషీ మాయమయ్యాడు. గేటుకు ఇప్పుడు పెద్ద తాళం. ఆ గేటు మీదే, మానసిక ఒత్తిడి ఉంటే 14416కు ఫోన్ చేయమని పోస్టరు అంటించారు. ఆ ఫోన్ సేవ మంచిదే, అవసరమైనవారు తప్పక వాడుకోవాలి. అయితే తాళం వేసినవారికీ పోస్టరు అంటించినవారికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసా అని నా సందేహం.

తాళం పడకముందూ ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకే అని బోర్డు పెట్టారు. ఏప్రిల్ నెలలో అనంతపురం ఎండ ఏడింటికే ఎలా ఉంటుందో ఆ బోర్డు రాసినవారికి తెలియదనుకోవాలి. మా వీధి ఆడవాళ్లు ఏడెనిమిది మంది అయిదింటికే జట్టుగా వచ్చి, కోడళ్ల సంగతులు, గ్యాసు ధరలు మాట్లాడుకుంటూ నాలుగైదు చుట్లు తిరిగి, ఇళ్లలో పని మొదలయ్యే వేళకు వెళ్లిపోయేవారు. గేటు మూశాక రెండు రోజులు రోడ్డు మీద నడిచి చూశారు. కుక్కలు వెంటపడడం, ఇసుక ట్రాక్టర్లు లైట్లు కళ్లలో కొట్టి పక్కనుంచి దూసుకుపోవడం చూసి మానేశారు. మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని పెద్దలు 2022లో మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం అని లాన్సెట్ బృందం పత్రికలో వచ్చింది. ఆడవాళ్లకు బద్ధకం ఎక్కువని దీనికి అర్థం చెప్పే పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఒకసారి అయిదింటికి మా రోడ్డు మీదికి రావాలి.

పెద్దల సంగతి అలా ఉంచినా, పిల్లల మాటేమిటి? ప్రతి బడికి ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెబుతోంది. 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున గంట సేపు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మా మనవడి బడి అంగళ్ల మీద మూడో అంతస్తులో ఉంది. డ్రిల్లు పీరియడు టైంటేబులులో ఉంది, దాన్ని లెక్కల మాస్టారు తీసుకుంటారు. వాణ్ని ఈ మైదానానికే తీసుకొచ్చేవాణ్ని, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో క్రికెట్ ఆడుకుంటున్నాడు. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచులకు వేదికైన ఆర్డీటీ క్రీడా ప్రాంగణం ఉన్న ఊరు మాది. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకూ గర్వమే. అందులో ఆడే అర్హత పిల్లవాడికి ఎప్పటికి వస్తుందో గానీ, అంతవరకు పరుగెత్తడానికి వీధి చివర ఇంత మన్ను చాలదా?

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఎగ్జిబిషను ఎత్తేయమని కూడా అనడం లేదు, పిల్లలు సంబరపడతారు, నేనూ మిరపకాయ బజ్జీ తింటాను. అంచు వెంట ఆరడుగుల దారి విడిచిపెట్టి, తెల్లవారుజామున నాలుగున్నరకు గేటు తీయించాలి. చివరి మేకు పీకి, దిమ్మెలు పగలగొట్టి చూపేదాకా నిర్వాహకుల డిపాజిట్టు వాపసు ఇవ్వకూడదు. మీ వ్యాసానికి తోడుగా సరస్సు ఒడ్డున పరుగెత్తే విదేశీ మహిళ ఫొటో వేశారు, చూడముచ్చటగా ఉంది. ఈసారి ఆ స్థలంలో మా గేటు తాళం ఫొటో వేయగలిగితే, పోస్టరు కూడా కనబడేలా తీయమని మీ ఫొటోగ్రాఫరుకు చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు,
అనంతపురం

(పేరు ప్రచురించవద్దని మనవి. తాళంచెవి ఉన్న మనిషితో నాకింకా పని ఉంది.)