ఆర్డర్లు నిండుగా ఉన్నా డబ్బు ఎందుకు మిగలడం లేదంటే

చిట్టితల్లీ,

నువ్వు పంపిన మన ఫ్యాక్టరీ లెక్కలు రెండుసార్లు చూశాను. ఆర్డర్లు పోయినేడాది కన్నా ఎక్కువే, మిగులు మాత్రం తగ్గింది. చవక ముడిసరుకు చూస్తానని, చివర్లో ఇంకో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లను పెడతానని రాశావు. ఆ రెండూ కాస్త ఆపమ్మా. ముందు నాకొకటి చెప్పు. ఎక్కడా వెనక్కి రాకుండా, మొదటిసారే సరిగ్గా పూర్తయ్యే పీసులు వందకి ఎన్ని?

నువ్వు రాసిన 2 శాతం రిజెక్షన్ చివరికి పారేసిన వాటి లెక్క. మధ్యలో మళ్లీ గ్రైండింగ్‌కి వెళ్లినవి, చేత్తో సరిచేసినవి అందులో లేవు. మన పీసు పది ఆపరేషన్లు దాటాలి. ఒక్కో దగ్గర వందకి 95 సరిగ్గా వస్తున్నాయంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ పది చోట్లా ఒక్క తప్పూ లేకుండా దాటేవి దాదాపు 60 మాత్రమే. మిగతా వాటికి కూలీ, కరెంటు, మెషిన్ టైమ్ రెండోసారి పడతాయి. ఆ రెండో పనికి కస్టమర్ అదనంగా ఏమీ ఇవ్వడు. ఓవర్‌టైమ్ ఎందుకు పెరుగుతోందో అక్కడ వెతుకు.

స్క్రాప్ అయిన పీసు దెబ్బ ఇంకా పెద్దది. వందకి అమ్మే పీసు మీద పది మిగులుతోందనుకో. ఒకటి పాడైతే పోయిన తొంభై రాబట్టడానికి మంచివి తొమ్మిది అమ్మాలి. చవక ముడిసరుకుతో పీసుకి రెండు ఆదా అయినా, వందకి మూడు అదనంగా పాడైతే ఆ ఆదా మొత్తం పోయి ఎదురు నష్టం వస్తుంది.

ఇన్‌స్పెక్టర్ తప్పును పట్టుకునేసరికి దాని మీద ఖర్చంతా అయిపోయి ఉంటుంది. తప్పు పుట్టిన చోటే పని ఆగాలి. జపాన్ ఆవిష్కర్త సకిచి టొయోడా 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం దారం తెగగానే తనంతట తానే ఆగిపోయేది. పాడు బట్ట నేయదు, ఒక్కో మగ్గానికి ఒక్కో మనిషి కాపలా ఉండక్కర్లేదు. తర్వాత టొయోటా కార్ల ఫ్యాక్టరీలో, తేడా కనిపించగానే పనివాళ్లు లాగే తాడుకి మూలం అదే.

నాకిది ఆలస్యంగా అర్థమైంది. ఒకసారి టూల్ అరిగిందేమోనని ఒక కుర్రాడు మెషిన్ ఆపేశాడు. డెలివరీ టెన్షన్‌లో ఉండి అందరి ముందూ కేకలేశాను. ఆ తర్వాత అతను ఎప్పుడూ ఆపలేదు. కొన్నాళ్లకి ఒక బ్యాచ్ మొత్తం వెనక్కి వచ్చింది, అరిగిన టూల్ వల్లే. అతను చూసే ఉంటాడు, చెప్పే ధైర్యం నేనే తీసేశాను. ఇప్పటికీ ఆ కుర్రాడి ముఖం గుర్తొస్తే బాధగా ఉంటుంది.

డై, అంటే పీసుకి ఆకారమిచ్చే అచ్చు, మార్చడానికి గంటలు పడుతోందని పెద్ద పెద్ద బ్యాచ్‌లు వేస్తున్నావు కదా, దాని గురించి కూడా ఆలోచించు. తప్పు బయటపడేసరికి వందల పీసులు తయారై కూర్చుంటాయి, డబ్బు వాటిలో ఇరుక్కుంటుంది. జపాన్ ఇంజినీర్ షిగెయో షింగో టొయోటాలో 1000 టన్నుల ప్రెస్ మీద 4 గంటలు పట్టే డై మార్పుని చివరికి 3 నిమిషాలకి తెచ్చాడు. మెషిన్ ఆపితేనే అయ్యే పనుల్ని, నడుస్తుండగానే సిద్ధం చేసుకోగలిగే పనుల్ని విడదీయడమే అతని పద్ధతికి ప్రాణం. మన వాళ్లు మెషిన్ ఆపాక రెంచి వెతుక్కుంటున్నారు. రేపే నిలబడి చూడు.

ముందు ఒక్క వారం, ప్రతి మెషిన్ దగ్గర ఒక చిన్న నోట్‌బుక్ పెట్టు. వెనక్కి వచ్చిన ప్రతి పీసుకీ ఒక గీత, పక్కన కారణం. ఎవరి పేరూ రాయించకు, పేరు రాయమంటే తప్పులు దాస్తారు. రాత్రి షిఫ్ట్‌ని వదిలేయకు. వారం నిండాక ఆ నోట్‌బుక్‌లు తీసుకుని ఇంటికి రా, ఇద్దరం కూర్చుని గీతలు లెక్కపెడదాం.

మీ నాన్న