మట్టిలో కలిసే ఫోమ్ సరే, కలిపే చోటు ఏదీ?

సంపాదకుడు గారికి,

గత వారం మీ పత్రికలో ‘మట్టిలో కలిసిపోయే థర్మోకోల్’ వార్త చదివాను. మొక్కజొన్న, చెరకు చక్కెరను పులియబెట్టి చేసే పీఎల్‌ఏ ప్లాస్టిక్ గింజల్లోకి కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువు ఎక్కించి, వేడితో ఉబ్బించి, అచ్చులో ఆవిరి పట్టి అతికిస్తే షీటు తయారవుతుందని రాశారు. మంచి పనే. నెదర్లాండ్స్‌లో ఇలాంటి ఫోమ్ ఎప్పుడో వచ్చింది. మన దగ్గరా చేస్తామంటే సంతోషమే.

కానీ అసలు సంగతి వార్తలో ఒక్క ముక్కా లేదు. పీఎల్‌ఏ పెరట్లో పూడ్చిపెడితే పోయేది కాదు. 58 డిగ్రీల వేడి, తగినంత తేమ నిలిచే కంపోస్టు ప్లాంటులో అయితే నెలల్లో కుళ్లుతుంది. కంపోస్టయ్యే ప్లాస్టిక్‌కు మన దేశంలో ఉన్న ఐఎస్ 17088 ప్రమాణంలో కుళ్లడానికి పెట్టిన 180 రోజుల గడువు కూడా అలాంటి చోటికే. కాలువలో పడితే మామూలు థర్మోకోల్‌లాగే తేలి తూము దగ్గర అడ్డం పడుతుంది. ‘కలిసిపోతుంది’ అని చదివినవాళ్లు ధైర్యంగా రోడ్డు మీదే పారేస్తారు, అదీ నా భయం.

మా ఊళ్లో తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇచ్చినా బండిలో రెండూ కలిపే కుమ్మరిస్తున్నారు. అడిగితే పైవాళ్లకు చెప్పుకోమంటారు. కంపోస్టు యార్డు అని బోర్డు పెట్టిన చోట చెత్త తగలబడుతూ ఉంటుంది, ఆ పొగ ఇళ్లలోకి వస్తోంది. థర్మోకోల్ ప్లేట్లు, అలంకరణ షీట్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా పెళ్లి స్టేజీల మీద, చవితి పందిళ్లలో ఇంకా అవే. అధికారులు ఓ పూట వచ్చి చిన్న కొట్టువాడికి జరిమానా వేసి, ఫొటో దిగి పోతారు. సరుకు దిగే గోడౌన్ వైపు మాత్రం కన్నెత్తి చూడరు. ఏ నిబంధన వచ్చినా ఇదే తంతు, విసుగొస్తోంది.

ఈ ఫోమ్ ఎక్కడ వాడాలో కూడా ఎవరూ ఆలోచించడం లేదు. మామూలు పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, వేడి భోజనం ప్లేటుకు పనికిరాదు. ఐస్ వేసి పంపే చేపలు, రొయ్యల పెట్టెలకు బాగా నప్పుతుంది. ఆ పెట్టెలు 2022 నిషేధంలో లేవు. థర్మోకోల్‌లో 98 శాతం దాకా గాలే, తూకానికి రాదు కాబట్టి పాత సామాన్లవాళ్లూ ముట్టుకోరు. గోదావరి జిల్లాల్లో చేపల మార్కెట్ల వెనక ఆ గుట్టలు చూడని వాళ్లెవరు? పెట్టెలు ఒకేచోట ఖాళీ అవుతాయి కనుక పోగుచేయడం తేలిక. పీఎల్‌ఏ పెట్టెలైతే చేపల వ్యర్థాలతో కలిపి కంపోస్టుకు పంపొచ్చు. ముందు అక్కడ ఒక ప్లాంటు పెట్టమనండి, షీట్ల ప్రారంభోత్సవాలు తర్వాత చేసుకోవచ్చు.

ఈసారి ఇలాంటి వార్త వేసేటప్పుడు వాడేసిన షీట్లను ఎవరు వెనక్కి తీసుకుంటారో, ఏ ప్లాంటుకు చేరుస్తారో, అది కంపోస్టయ్యేదేనని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉందో లేదో తయారీదారులను అడిగి, ఆ జవాబులు కూడా ప్రచురించండి.

– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా