ఖాళీ చేయమనే ముందు తిరిగొచ్చే దారి చూపండి

సంపాదకులకు నమస్కారం.

దక్షిణ ముంబైలోని పాత అద్దె భవనాల్లో ఏవి అత్యంత ప్రమాదకరమో మ్హాడా (రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ) మరమ్మతుల బోర్డు ఏటా వానలకు ముందు ప్రకటిస్తుంది. ఖాళీ చేయమంటుంది. చాలామంది కదలరు. 2017లో భిండీ బజార్‌లో హుసైనీ భవనం కూలి 30 మందికి పైగా, 2019లో డోంగ్రీలో మరో భవనం కూలి పదిమందికి పైగా చనిపోయారు. ఇలా జరిగిన ప్రతిసారీ “చెప్పినా ఎందుకు వెళ్లలేదు?” అని పోయినవాళ్లనే తప్పుపట్టడం వింటుంటే కడుపు మండిపోతుంది.

ఎందుకు వెళ్లరంటే, వెళ్లినవాళ్ల గతి చూశారు కాబట్టి. మా బంధువుల కుటుంబం ఒకటి కొద్దికాలమేనన్న మాట నమ్మి ట్రాన్సిట్ క్యాంప్‌కి, అంటే భవనం మళ్లీ కట్టేదాకా ఉండే తాత్కాలిక ఇళ్లకి, వెళ్లింది. అక్కడే పిల్లల పెళ్లిళ్లయ్యాయి. పాత భవనం చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. స్థలం ఇరుకైతే, లాభం కనిపించకపోతే బిల్డర్ ముందుకు రాడు. వచ్చినా కొన్ని నెలలు అద్దె ఇచ్చి ఆపేస్తాడు.

ఇక ఆ క్యాంపుల్లో ఉన్నదెవరు? ప్రభుత్వమే వాళ్లను మూడు రకాలుగా విడదీసింది: అసలు కిరాయిదార్లు, వాళ్ల దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ మీద కొనుక్కున్నవాళ్లు, ఏ కాగితమూ లేకుండా తాళం పగలగొట్టి చేరినవాళ్లు. ఏళ్ల తరబడి విసిగి, డబ్బు అవసరమై గది అమ్ముకున్న పేదవాణ్ణి నేను తప్పుపట్టలేను. ఈ క్యాంపు ఇళ్ల తాళంచెవులు తెప్పించే దళారులు ఎవరి అండతో తిరుగుతున్నారో మాత్రం తేల్చాలి. క్యాంపు ఇళ్లన్నీ ఆక్రమణలో ఉంటే, రేపు పైకప్పు కూలబోతున్న కుటుంబాన్ని ఎక్కడ పెడతారు?

భవనాలు ఇలా పాడుబడటం వెనుక పెద్ద కథే ఉంది. 1947 నాటి చట్టం అద్దెలను 1940 స్థాయిలో కట్టేసింది. వందల్లో కూడా రాని అద్దె కోసం యజమాని ఇటుక మార్చడు. సెస్సు (ప్రత్యేక పన్ను) వసూలు చేసి మరమ్మతులు చేసే బోర్డు కోసం 1969లో చట్టం వచ్చింది. అప్పటి లెక్కలో 19,642 భవనాలు. అన్నింటినీ నిలబెట్టడం బోర్డు వల్ల కాలేదు. ఈలోగా పాత ఖోలీకి (గదికి) కొత్త గిరాకీ పుట్టింది. నూట యాభై చదరపు అడుగుల పగిడీ గది (ముందే పెద్ద మొత్తం ఇచ్చి, తర్వాత చిన్న అద్దెతో ఉండేది) ఉంటే, భవనం కొత్తగా కట్టినప్పుడు కనీసం 300 అడుగుల సొంత ఫ్లాట్ వస్తుంది. అందుకే ఎప్పుడూ అక్కడ ఉండనివాళ్లు శిథిలమైన గదులు కొని తాళమేసి కూర్చుంటున్నారు. వాళ్లకు భవనం బాగుపడటంతో పనిలేదు, ఎంత త్వరగా పడగొడితే అంత మంచిది. పక్క గదిలో వాన నీరు కారుతున్న ముసలమ్మతో పునర్నిర్మాణానికి ఒప్పుకోలు సంతకం పెట్టించేదీ వీళ్లే.

ఇది మన తెలుగువాళ్ల సమస్య కూడా. రాళ్లు మోసి ఈ నగరాన్ని కట్టడానికి వచ్చిన తెలుగు కామాఠీల పేరుతోనే కామాఠీపురా వెలిసింది. ఆ వాడ మొత్తాన్నీ క్లస్టర్‌గా, అంటే భవనాలన్నీ కలిపి ఒకే పథకంగా, పునర్నిర్మించే పని మ్హాడా చేపట్టింది. మంచిదే, జరగాలి కూడా. అయితే ఇంటి తలుపు మూసే ముందే ప్రతి కుటుంబం చేతిలో రిజిస్టర్ చేసిన ఒప్పందం ఉండాలి, ఎన్ని అడుగులు, ఏ గడువు అన్నది అందులో రాసి ఉండాలి. కట్టేవాళ్లు అద్దె సొమ్మును ముందే బోర్డు దగ్గర జమచేయాలి. అర్హుల జాబితాను వీధిలో గోడకు అంటిస్తే, ఎవరు నిజంగా అక్కడ బతికారో ఇరుగుపొరుగువాళ్లే చెబుతారు.

ముంబై తెలుగువారిలో పెద్దలు చాలామంది మరాఠీ, ఇంగ్లీషు కాగితాలు చదవలేరు. సంతకాలు మొదలయ్యేలోపు ఆ ఒప్పుకోలు పత్రంలో ఏముంటుందో, ఏ హక్కు వదులుకోకూడదో మీ పత్రికలో తెలుగులో వివరంగా ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, వర్లీ, ముంబై