పాత ఇంటి స్లేటు కప్పుకు 20 శాతం పన్ను ఎందుకు? బ్రిటన్ ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. ఈ లేఖ ఇంగ్లిష్ ప్రతిని మీ కార్యాలయానికి పంపుతున్నాను. తెలుగులో కూడా అందరి ముందూ పెట్టడానికి కారణం ఉంది. రెడింగ్, లెస్టర్, తూర్పు లండన్ వంటి చోట్ల విక్టోరియా రాణి కాలం నాటి వరస ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఉన్నాయి. కప్పు కారడం మొదలవగానే దేనితో మార్చాలన్న ప్రశ్న వాళ్ల ముందుకొస్తుంది.

మా ఇంటి కప్పు వేల్స్ స్లేటుది, అంటే పల్చగా చీల్చిన పలక రాయిది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాణ్ణి, ఆ రాయి నాకు కొత్త కాదు. రైళ్లు వచ్చాక వేల్స్‌లోని పెన్రిన్, బ్లైనై ఫెస్టినియోగ్ క్వారీల నుంచి ఈ దేశం నలుమూలలకూ చేరిన రాయి అది. ఆ క్వారీల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు అప్పటి బ్రిటన్ ప్రభుత్వం గర్వపడింది. ఆ రాయి కప్పిన మామూలు ఇళ్ల మాటేమిటి?

నాలుగు స్లేట్లు జారగానే, ‘మొత్తం పీకేసి కాంక్రీటు పెంకు వేయించుకోండి’ అనే సలహా వస్తుంది. నిజానికి చాలా ఇళ్లలో చెడేది రాయి కాదు, మేకు. ఇనుప మేకులు తుప్పు పట్టి తలలు ఊడిపోతే స్లేట్లు జారతాయి. ఇక్కడి పనివాళ్లు దాన్ని ‘నెయిల్ సిక్‌నెస్’ అంటారు. విప్పిన స్లేటును వేలి కణుపుతో తట్టి చూస్తే తెలిసిపోతుంది: ఖంగుమంటే గట్టిది, మొద్దుగా పలికితే పొరలు విడిచింది. గట్టివాటిని రాగి మేకులతో తిరిగి కొట్టి, పోయినవాటి బదులు అదే కొలత, అదే రంగు రాయి వేస్తే ఆ కప్పు మళ్లీ కొన్ని తరాలు నిలుస్తుంది.

కాంక్రీటు పెంకు స్లేటు కన్నా బాగా బరువు. స్లేటు బరువుకు లెక్కగట్టి వేసిన సన్నని వాసాలను బలపరచకుండా దాన్ని ఎక్కిస్తే అవి కుంగుతాయి, కొప్పు వంగిపోతుంది. పైగా ఈ ఇళ్లు గోడకు గోడ ఆనించి కట్టినవి. పక్కింటి పల్చని స్లేటు, మనింటి మందపు పెంకు కలిసే చోట ఎత్తు తేడా వచ్చి, అక్కడే నీళ్లు దిగుతాయి. ఫైబర్ సిమెంటు పలకలు తేలికే కానీ రంగు వెలిసిపోతాయి. వేల్స్ రాయి కొనలేనివారికి మేలు రకం స్పెయిన్ స్లేటే నయమని నా అభిప్రాయం. అదీ రాయే, వరసలో ఎబ్బెట్టుగా ఉండదు.

ఇక మీ చేతిలో ఉన్న విషయం. కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా. సోలార్ పలకలు పెట్టుకుంటే 2027 మార్చి దాకా సున్నా. రెండేళ్లు ఖాళీగా పడి ఉన్న ఇంటిని బాగు చేయిస్తే 5 శాతం. మనుషులు కాపురం ఉంటూ, ఏటా గట్టర్లు శుభ్రం చేయించుకుంటూ కాపాడుకొస్తున్న ఇంటి కప్పు బాగుచేతకు మాత్రం 20 శాతం! ఇంటిని పాడుపెట్టినవారికి రాయితీ, నిలబెట్టుకున్నవారికి పూర్తి పన్నా? కాంక్రీటుకూ ఇదే పన్ను ఉందని మీ అధికారులు అనవచ్చు. కానీ స్లేటు పనిలో కూలి ఎక్కువ, నైపుణ్యం ఎక్కువ, బిల్లు ఎక్కువ. ఆ తేడా మీద పడే పన్నే చాలా కుటుంబాలను కాంక్రీటు వైపు నెడుతోంది.

అడ్డుకునే చట్టం కూడా అంతంతమాత్రమే. లిస్టెడ్ భవనాలకు, అంటే చారిత్రక విలువ ఉందని ప్రభుత్వ జాబితాకెక్కిన వాటికి, రక్షణ ఉంది కానీ, ఈ వరస ఇళ్లలో ఎక్కువ శాతం ఆ జాబితాలో లేవు. పాత రూపాన్ని కాపాడాలని గుర్తించిన పరిరక్షణ ప్రాంతంలో ఉన్నా, ఇలాంటి మార్పులకు అనుమతి తప్పనిసరి చేసే ఆర్టికల్ 4 ఆదేశాన్ని స్థానిక కౌన్సిల్ ఇవ్వకపోతే సాధారణంగా ఇంటి యజమాని అనుమతి అడగకుండానే స్లేటు తీసేయవచ్చు. ఆ ఆదేశాలు మరిన్ని రావాలి. అయితే పన్ను తగ్గించకుండా నిబంధన ఒక్కటే పెడితే, డబ్బులేని వాళ్లు కారే కప్పు కింద బకెట్లు పెట్టుకుని ఉండిపోతారు. అందుకే ముందు మీకు రాస్తున్నాను.

ఇంగ్లండ్‌లో సుమారు అయిదింట ఒక ఇల్లు 1919కి ముందు కట్టినది. అలాంటి ఇళ్లలో, ఉన్న స్లేటును తిరిగి పరిచినా, దాని స్థానంలో సహజ స్లేటే వేసినా, ఆ పనికి, సామానుకు వ్యాట్‌ను 5 శాతానికి తగ్గించండి. ఖాళీ ఇళ్లకు ఆ రేటు ఇప్పటికే అమల్లో ఉంది కాబట్టి కొత్త యంత్రాంగం అక్కర్లేదు. వచ్చే బడ్జెట్‌లో ఈ మార్పు చేయమని మనవి.

ఇట్లు,
రెడింగ్‌లో ఒక ఇంటి యజమాని