బ్రిటన్ వేరు, ఇంగ్లండ్ వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

2025 ఆగస్టు చివర్లో ఒక రాత్రి నా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. ఆమె కొడుకు బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటున్నాడు. వాళ్ళ వీధిలో దీపస్తంభాలకు వరసగా జెండాలు కట్టారట. “మేడమ్, తెలుపు మీద ఎర్ర సిలువ ఉంది. అది వాళ్ళ జాతీయ జెండా కాదు కదా? వీడు సాయంత్రంపూట బయటికి వెళ్ళొచ్చా? నాకు టెన్షన్‌గా ఉంది” అంది.

అక్కడ వలసల మీద వ్యతిరేకత పెరుగుతున్న ఆ రోజుల్లోనే మన తెలుగు పత్రికల్లో ఈ జెండాల వార్త చదివాను. ఒకే పేరాలో బ్రిటన్ అని, ఇంగ్లండ్ అని, యూకే అని మార్చిమార్చి రాశారు, మూడూ ఒకటే అన్నట్టు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ కలిస్తే గ్రేట్ బ్రిటన్; ఉత్తర ఐర్లండ్ కూడా చేరితే యూకే, దాన్నే వాడుకలో బ్రిటన్ అంటాం. ఆ తల్లి అడిగినదానికి జవాబు సరిగ్గా ఆ తేడాలోనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఆమె చెప్పింది సెయింట్ జార్జ్ జెండా, ఒక్క ఇంగ్లండ్‌ది. 1966లో వెంబ్లీలో ఇంగ్లండ్ ప్రపంచకప్ ఫుట్‌బాల్ గెలిచినప్పుడు జనం ఊపినవి ఎక్కువగా మొత్తం దేశానిదైన యూనియన్ జాక్ జెండాలే. అదే వెంబ్లీలో 1996 యూరో ఫుట్‌బాల్ పోటీల నాటికి స్టేడియమంతా ఎర్ర సిలువలతో నిండిపోయింది. ఆ ముప్పై ఏళ్ళలో ఇంగ్లండ్ ప్రజలు తాము బ్రిటన్‌లో ఒక భాగమే కాక, విడిగా ఒక జాతి కూడా అని అనుకోవడం మొదలుపెట్టారు.

అందులో తప్పు లేదు. తమకంటూ ఒక గుర్తింపు కావాలని పట్టుబట్టడం ఎలా ఉంటుందో తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే మన కోరికకు 1953లో ఒక రాష్ట్రం, ఒక శాసనసభ దొరికాయి. ఇంగ్లండ్‌కు అలాంటిదేదీ లేదు. 1999 నుంచి స్కాట్లండ్‌కు పార్లమెంటు ఉంది, వేల్స్‌కు చట్టసభ ఉంది, ఉత్తర ఐర్లండ్‌కూ ఉంది. దేశ జనాభాలో నూటికి 84 మంది ఉండే ఇంగ్లండ్‌కు మాత్రం ఉన్నది అందరికీ కలిపి లండన్‌లో ఉన్న వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటే. ఇంగ్లండ్ విషయాల మీద స్కాట్లండ్ ఎంపీలు ఓటేస్తారు, స్కాట్లండ్ విషయాల మీద ఇంగ్లండ్ ఎంపీలకు ఓటుండదు, ఇదెక్కడి న్యాయమని, స్కాట్లండ్‌కు సొంత సభ ఇంకా ప్రతిపాదనగానే ఉన్న 1977లోనే టామ్ డాలియెల్ అడిగారు. ఆయన స్వయానా స్కాట్లండ్ ఎంపీ. 2014లో స్కాట్లండ్ విడిపోవాలా వద్దా అన్న రెఫరెండం ఫలితం వచ్చిన ఉదయమే అప్పటి ప్రధాని కామెరాన్ ఇంగ్లండ్ చట్టాలకు ఇంగ్లండ్ ఓట్లు అని ప్రకటించారు. 2015లో ఆ నియమం తెచ్చారు, 2021లో తీసేశారు.

సొంత వేదిక లేని ఆ ఆవేదన, మొత్తం దేశం తీసుకునే నిర్ణయాల్లోంచి బయటికి వచ్చింది. 2016 జూన్ 23 రెఫరెండంలో ఇంగ్లండ్‌లో 53.4 శాతం యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోదామన్నారు. స్కాట్లండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతం ఉందామన్నారు. వేల్స్ కూడా పోదామనే అంది, ఆ మాట దాచను. లండన్ నగరం ఉందామంది. కానీ తమను ముందు ఇంగ్లిష్‌వాళ్ళుగా చెప్పుకునేవాళ్ళలో ఎక్కువమంది బయటికి రావాలనే ఓటేశారని సర్వేలు చూపాయి. దాని బరువు మోసింది మాత్రం అందరూ. 1998 శాంతి ఒప్పందంతో ప్రశాంతపడిన ఉత్తర ఐర్లండ్‌కూ, యూరోపియన్ యూనియన్‌లోనే ఉన్న ఐర్లండ్ దేశానికీ మధ్య మళ్ళీ సరిహద్దు తనిఖీలు పెట్టకూడదు కాబట్టి, గ్రేట్ బ్రిటన్ నుంచి ఉత్తర ఐర్లండ్‌కు వెళ్ళే సరుకుకు తనిఖీలు వచ్చాయి. ఒకే దేశంలో ఒకచోట నుంచి ఇంకోచోటికి సరుకు పంపడానికి కాగితాలు!

బయటి పొత్తుల మీదా దీని ప్రభావం పడింది. యూరప్ వద్దనుకున్నవాళ్ళు ఇంగ్లిష్ మాట్లాడే పాత బంధువుల వైపు చూశారు. 2021 సెప్టెంబర్‌లో అమెరికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఆకస్ అనే రక్షణ కూటమి ప్రకటించారు. దానికోసం ఆస్ట్రేలియా ఫ్రాన్స్‌తో ఉన్న జలాంతర్గాముల ఒప్పందం రద్దు చేసుకోవడంతో ఫ్రాన్స్ వాషింగ్టన్, కాన్‌బెర్రాల నుంచి తన రాయబారులను వెనక్కి పిలిచింది. ఉక్రెయిన్ యుద్ధం వచ్చాక గానీ పక్కింటివాళ్ళ అవసరం తెలిసిరాలేదు. 2025 మే 19న యూరోపియన్ యూనియన్‌తో రక్షణ ఒప్పందం కుదుర్చుకున్నారు. ఈలోపు వలసలను గట్టిగా వ్యతిరేకించే రిఫార్మ్ పార్టీ, దాని వెంట కన్జర్వేటివ్‌లు యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం నుంచి కూడా తప్పుకోవాలంటున్నారు. 1951లో దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం బ్రిటనే.

నన్ను ఎక్కువ కలచివేసింది ఇంకొకటి. సౌతాంప్టన్‌లో పుట్టి, ఆ దేశానికి ప్రధానిగా చేసిన రిషి సునాక్ ఇంగ్లిష్‌వాడేనా అని 2025 మొదట్లో అక్కడ బహిరంగంగా చర్చ నడిచింది. లండన్‌లో పుట్టి హోంమంత్రిగా చేసిన సుయెల్లా బ్రేవర్‌మన్ తాను ఇంగ్లిష్ కాదని పత్రికలో వ్యాసమే రాశారు. పుట్టుకతో వచ్చినదే జాతి అయితే, అక్కడే పుట్టి పెరుగుతున్న మన పిల్లల పిల్లల మాటేమిటి? దీనికి రెండో వైపూ ఉంది. 2021 యూరో ఫైనల్లో పెనాల్టీలు తప్పిన ముగ్గురు నల్లజాతి ఆటగాళ్ళను కొందరు నీచంగా తిట్టినప్పుడు, మాంచెస్టర్‌లో వాళ్ళలో ఒకరైన రాష్‌ఫర్డ్ బొమ్మ ఉన్న గోడంతా జనం ప్రేమగా చీటీలు అంటించి నింపేశారు. వాళ్ళూ ఇంగ్లండే. వాళ్ళ చేతిలోనూ ఆ జెండానే.

ఆ అమ్మాయితో ఇదే చెప్పాను. జెండా కట్టిన ప్రతివాడూ మీవాడికి శత్రువు కాదమ్మా, కానీ దాని చుట్టూ జరుగుతున్న రాజకీయం మీద కన్ను వేసి ఉంచు అన్నాను. 2024 జనవరి నుంచి మాస్టర్స్ చదివే చాలామంది కుటుంబాన్ని తీసుకెళ్ళలేకపోతున్నారు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కునే రెండేళ్ళ గడువు 2027 జనవరి నుంచి ఏడాదిన్నరకు తగ్గుతోంది. లేబర్ ప్రభుత్వం కూడా ఆ వలస వ్యతిరేక గాలికి తలవంచుతోందనే నా అభిప్రాయం.

దయచేసి మీ విదేశీ వార్తల పేజీలో ఇంగ్లండ్ అన్నప్పుడు ఇంగ్లండ్ అని, బ్రిటన్ అన్నప్పుడు బ్రిటన్ అని రాయండి. స్కాట్లండ్, ఐర్లండ్ కథనాలకు కూడా చోటివ్వండి. వీసా నిబంధన మారిన రోజున, అది ఎవరి ఒత్తిడితో మారిందో కూడా రెండు వాక్యాలు వేయండి. అప్పులు చేసి పిల్లల్ని పంపుతున్న తల్లిదండ్రులు చదివేది మీ పత్రికే.

– విశ్రాంత రాజనీతి శాస్త్ర అధ్యాపకురాలు, తెనాలి